కంప్యూటర్ అలసిపోతుందా?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

పరీక్షా ఫలితాలు వచ్చిన రోజున మీ నాన్న చూసుకునే ఫోన్ల సర్వర్, అంటే కాల్స్ కలిపే కంప్యూటర్, ఆగిపోయిందనీ, తెల్లవారేదాకా దాని ముందే కూర్చున్నాడనీ చిన్ని రాసింది. "కంప్యూటరుకు ఒళ్లు లేదు కదా తాతయ్యా, ఎక్కువమంది ఫోన్ చేస్తే ఎలా అలసిపోతుంది?" అని అడిగింది. అలసిపోదమ్మా. చాలాసార్లు అది తన బలంలో సగమైనా వాడకుండానే కూలబడుతుంది.

పెళ్లిలో పంక్తి భోజనం తలచుకోండి. గాడిపొయ్యి మీద గుండిగ నిండా అన్నం పొగలు కక్కుతోంది. వంటవాళ్లు ఖాళీగా ఉన్నారు. అయినా సగం మంది ఆకలితో నిలబడే ఉన్నారు. ఎందుకు? పందిట్లో విస్తరి వేయడానికి చోటు లేదు! మా ఊళ్లో నా చిన్నప్పుడు ఉప్పు వడ్డించే పని నాది. పెద్దవాళ్లు పప్పూ కూరలూ మోస్తుంటే, నేను చిన్న గిన్నె పట్టుకుని ప్రతి విస్తరి మూలా చిటికెడు వేస్తూ పోయేవాణ్ని. పంక్తి మొత్తం చూసేది ఆ ఉప్పు పిల్లాడే. ఏ విస్తరి దగ్గర మనిషి లేచి వెళ్లిపోయాడో, ఏ ఎంగిలాకు ఇంకా ఎత్తలేదో నాకు తెలిసినంతగా వంటపెద్దకు తెలిసేది కాదు.

ఇంటర్నెట్ మీద కాల్స్ కలిపే సాఫ్ట్‌వేర్‌లలో ఆస్టరిస్క్ పేరున్నది. మీ నాన్న సర్వర్లో నడిచేదీ అదే. అమెరికాలో మార్క్ స్పెన్సర్ అనే విద్యార్థి తన చిన్న కంపెనీకి ఫోన్ల వ్యవస్థ కొనే స్తోమత లేక 1999లో దాన్ని తానే రాసుకున్నాడు. మన మాట సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా, అంటే సెకనుకు 50 ముక్కలుగా ప్రయాణిస్తుంది. అవతలివాళ్ల మాట మరో 50. ఈ ముక్కలు అందుకోవడానికి సర్వర్ ప్రతి మనిషికీ రెండు ద్వారాలు తెరుస్తుంది: ఒకటి మాటకు, ఒకటి మాట ఎలా అందుతోందో చెప్పుకునే కబుర్లకు. ఇద్దరు మాట్లాడుకుంటే నాలుగు. ఆ కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ అనే వ్యవస్థ ప్రతి ద్వారాన్నీ తెరిచిన ఫైలుగానే లెక్కపెడుతుంది. ఒక ప్రోగ్రాముకు ఇన్నే అని హద్దు కూడా పెడుతుంది. ఎవరూ మార్చకపోతే ఆ హద్దు చాలా యంత్రాల్లో 1024. నాలుగుతో భాగించి చూడండి, 256 కాల్స్! చిల్లర పనులకు పట్టే చోటు తీసేస్తే అదీ మిగలదు. ప్రాసెసర్ చల్లగానే ఉంటుంది, కొత్త కాల్ మాత్రం కలవదు. తెరిచిన ఫైళ్లు మరీ ఎక్కువయ్యాయని, జరిగిందల్లా రాసుకునే చిట్టా అయిన లాగ్‌లో ఒక్క వరుస కనిపిస్తుంది. పందిట్లో చోటు అయిపోయిందన్నమాట.

ఇక్కడితో ఆగితే బాగుండేది. పంక్తిలో సాంబారు రాకపోతే ఏం చేస్తారు? మళ్లీ కేకేస్తారు. ఫోన్లూ అంతే. కాల్ కలపమని అడిగాక అర సెకనులో జవాబు రాకపోతే మళ్లీ అడుగుతాయి. తర్వాత ఒక సెకను, రెండు, నాలుగు ఆగి ఇంకా అడుగుతాయి. 32 సెకన్లు గడిచేదాకా ఆశ వదలవు. సర్వర్ నెమ్మదించిన కొద్దీ కేకలు పెరుగుతాయి, కేకలు పెరిగిన కొద్దీ సర్వర్ ఇంకా నెమ్మదిస్తుంది. అందుకే తెలిసినవాళ్లు ఇన్ని కాల్స్ దాటితే "ఇప్పుడు కుదరదు" అని గుమ్మంలోనే చెప్పేలా అమరుస్తారు. లోపల కూర్చున్నవాళ్లయినా కడుపునిండా తింటారు. ఇది కఠినంగా కనిపిస్తుంది గానీ, అందరినీ లోపలికి పిలిచి ఎవరికీ పెట్టకపోవడం కంటే ఎంతో మర్యాద.

ఫలితాల రోజు కోసం ఎదురుచూడకుండా ముందే పరీక్షించవచ్చు. సిప్పీ అనే పనిముట్టు ఉత్తుత్తి కాల్స్ పుట్టిస్తుంది. 50తో మొదలుపెట్టి, 100, 150 అని పెంచుతూ ఎక్కడ తడబడుతుందో చూడాలి. ఒక్కసారి ఒక్కటే మార్చాలి, పిల్లలూ. నాలుగు మార్పులు కలిపి చేస్తే ఏది మేలు చేసిందో ఎప్పటికీ తెలియదు. ఏ పనికైనా ఇదే పద్ధతి.

ఎవరు ఎప్పుడు ఫోన్ చేస్తారో వాళ్లకే తెలియదు కదా! అయినా ఆ గుంపు మొత్తానికి ఒక లెక్క ఉంది. ఎన్ని లైన్లు ఉంటే ఎంతమందికి దొరకదో చెప్పే సూత్రాన్ని డెన్మార్క్‌లో ఎర్లాంగ్ అనే గణితవేత్త 1917లోనే రాశాడు. దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. అది ఎందుకు అంత బాగా కుదురుతుందో ఒక ఉత్తరంలో చెప్పలేను. తలచుకుంటే మాత్రం ఒళ్లు పులకరిస్తుంది.

ఈ ఆదివారం మీ నాన్న పరీక్షలకు వాడే సర్వర్ దగ్గర కూర్చోండి. నడిచే ప్రతి ప్రోగ్రాముకూ లినక్స్ ఒక నంబరు ఇస్తుంది. ప్రాక్ అనే ఫోల్డరులో ఆస్టరిస్క్‌కు ఇచ్చిన నంబరే పేరుగా ఉన్న ఫోల్డరు, అందులో ఎఫ్‌డీ అనే ఫోల్డరు తెరిపించండి. తెరిచిన ద్వారాలన్నీ అక్కడ అంకెలుగా కనిపిస్తాయి. ఒకరు మరొకరికి ఫోన్ చేయండి, కొత్త అంకెలు వస్తాయి. పెట్టేయండి, కాసేపట్లో పోవాలి. ఎన్నిసార్లు చేసి పెట్టేసినా పోకుండా పేరుకుంటుంటే ఎంగిలాకులు ఎత్తడం లేదన్నమాట. హద్దు ఎంత పెంచినా లాభం ఉండదు. వెంటనే మీ నాన్నకు చూపించండి, నాకూ రాయండి.

మీ తాతయ్య