‘ఖాళీ చెయ్యమన్నాక ఉంటే వాళ్ల ఖర్మ’: యుద్ధ చట్టంపై అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో లా విద్యార్థులకు అంతర్జాతీయ మానవతా చట్టం చెబుతుంటాను. ఎక్కడ యుద్ధం మొదలైనా నా ఫోన్‌కు తీరిక ఉండదు. గల్ఫ్‌లో మనవాళ్లున్న జగిత్యాల, సిరిసిల్ల కుటుంబాలు, బయటి దేశాల్లో ఎంబీబీఎస్ చదివే పిల్లల తల్లిదండ్రులు. వాళ్లను ఎక్కువగా వణికించేది ఒకే అపోహ.

అపోహ: ఖాళీ చెయ్యమని హెచ్చరించాక కదలనివాళ్లను కొట్టినా తప్పు లేదు.

వాస్తవం: ముమ్మాటికీ తప్పే. హెచ్చరించడం దాడి చేసేవాడి మీదున్న బాధ్యత. పౌరులకు ముప్పుండే దాడి అయితే, పరిస్థితి వీలిచ్చినంతలో ముందే చెప్పాలని జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్ 57వ అధికరణ అంటుంది. చెప్పేశాడు కాబట్టి మిగతా బాధ్యతలు తీరిపోవు. మంచం పట్టిన ముసలావిడ, నెలలు నిండిన గర్భిణి, బండి దొరకని కుర్రాడు... వీళ్లంతా అక్కడే ఉండిపోయినా పౌరులే. పోరులో నేరుగా పాల్గొంటేనే ఆ రక్షణ పోతుంది, అదీ పాల్గొన్నంత సేపే. పక్కన ఆయుధాల డిపో ఉంటే డిపోకు గురి పెట్టొచ్చు. కానీ ఆ వీధిలో మిగిలిన జనాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే. దక్కే సైనిక ప్రయోజనం కంటే వాళ్లకు జరిగే నష్టం మితిమీరేలా ఉంటే దాడి ఆపాలి. ఎవరన్నా పౌరుడా కాదా అని అనుమానం వస్తే పౌరుడనే అనుకోవాలి.

2022 మార్చి 2న మన ఎంబసీ, రష్యా దాడి చేస్తున్న ఉక్రెయిన్ నగరం ఖార్కివ్‌లోని భారతీయులంతా వెంటనే ఊరు వదలాలనీ, అక్కడి టైమ్ ప్రకారం సాయంత్రం ఆరులోపు దగ్గరి ఊళ్లయిన పెసోచిన్, బాబాయె, బెజ్ల్యుదోవ్కా చేరాలనీ చెప్పింది. బండ్లు దొరక్క పిల్లలు నడక మొదలుపెట్టారు. మన దగ్గర రాత్రి తొమ్మిదిన్నర కావస్తుండగా మా వీధిలో ఒకాయన పరుగున వచ్చాడు. ‘సార్, పోరడు ఇంకా నడుస్తనే ఉన్నడు. ఆరు దాటితే కాల్చినా అడిగెటోడు ఉండడట గదా?’ చేతిలో వాట్సాప్ ఫార్వర్డ్. ‘గడువు తర్వాత ఊళ్లో ఉన్నవాళ్లంతా శత్రువులే, ఇది జెనీవా రూల్’ అని. అది రాసినవాడెవడో గానీ, ఆ ఇంట్లో ఆ పూట ఎవరికీ ముద్ద దిగలేదు. ఆరు గంటలన్నది పిల్లల క్షేమం కోసం ఎంబసీ పెట్టిన గడువు మాత్రమే, ఆరున్నరకైనా మీవాడు పౌరుడే అన్నాను. రష్యా, ఉక్రెయిన్ రెండూ ఆ ప్రోటోకాల్‌లో ఉన్న దేశాలే. (ఇండియా అందులో లేదు. మనం 1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాల్లో ఉన్నాం.) అయితే చట్టం షెల్‌కు అడ్డం పడదు కదా. దారుంటే నడవమనండి, షెల్లింగ్ మొదలైతే బేస్‌మెంట్‌లోకి దిగమనండి అని కూడా చెప్పాను. రాత్రికి పిల్లాడు పెసోచిన్ చేరాడు.

మిగతావి చకచకా. అవతలివాడు నియమం తప్పితే మనమూ తప్పొచ్చనేది అబద్ధం. యుద్ధం ఎవరు మొదలుపెట్టారన్నది ఈ చట్టం అడగదు, రక్షణ రెండు వైపులా ఒకటే. పౌరులు చనిపోయిన ప్రతి దాడీ యుద్ధ నేరం కాదు. టీవీ డిబేట్లలో మాత్రం తీర్పులు గంటలోపే వచ్చేస్తాయి.

మన ప్రాంతం కాబట్టి క్లాసులో ఇంకో ప్రశ్న తప్పదు. నాలుగు జెనీవా ఒప్పందాల్లోనూ ఉన్న మూడో అధికరణ దేశం లోపలి సాయుధ పోరాటాల గురించి. దాని మీద, మావోయిస్టులను ఉద్దేశించి అడుగుతారు: ‘మూడో అధికరణ వర్తిస్తుందంటే అడవిలో ఉన్నోళ్లకు గుర్తింపు ఇచ్చినట్టే కదా?’ వర్తిస్తుందా లేదా అన్నది వేరే వాదన. వర్తించినా ఏ పక్షం చట్టపరమైన హోదా మారదని ఆ అధికరణలోనే రాసి ఉంది. చదివితే గొడవే లేదు.

ఇక మందుల షాపు బోర్డు మీద, డాక్టరు కారు అద్దం మీద ఎర్ర క్రాస్. అది మామూలు వైద్యానికి గుర్తు కాదు, యుద్ధంలో వైద్య సేవలకు రక్షణ చిహ్నం. అనుమతి లేకుండా వాడితే మన దేశపు 1960 జెనీవా ఒప్పందాల చట్టం కింద 500 రూపాయల దాకా జరిమానా. ఎవరూ వేయడం లేదన్నది వేరే సంగతి.

యుద్ధం జరిగే చోట మీవాళ్లుండి ఫోన్ కలవకపోతే ఫార్వర్డ్‌లు చూస్తూ కూర్చోవద్దు. ఎంబసీకి చెప్పండి, రెడ్‌క్రాస్‌లోనూ ఆచూకీ కోసం అడగండి. పూర్తి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చివరిసారి ఎక్కడి నుంచి మాట్లాడారో రాసి పెట్టుకోండి. ముందు అడిగేవి ఇవే.