ముందు బెంచీలో కూర్చోబెడితే సరిపోతుందా? సహిత విద్యపై అపోహలు - వాస్తవాలు

సహిత విద్య అంటే వైకల్యం ఉన్న పిల్లలూ మిగతావాళ్లతో కలిసి, తమకు తగ్గ మార్పులతో చదువుకోవడం. దీని గురించి స్పెషల్ ఎడ్యుకేటర్‌గా (వైకల్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పే టీచర్‌గా) స్టాఫ్‌రూముల్లో తరచూ వినే మాటలివి. అనేవాళ్లు పిల్లలంటే ప్రేమలేని వాళ్లేం కాదు.

అపోహ: మామూలు క్లాసులో చేర్చుకుంటే అదే సహిత విద్య.

వాస్తవం: అది చేర్చుకోవడం మాత్రమే. వైకల్యం ఉన్నవారి హక్కులపై 2006లో వచ్చిన ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో 24వ అధికరణం సహిత విద్యను హక్కుగా గుర్తించింది. పాఠ్యాంశాలు, బోధన పద్ధతులు మార్చకుండా పిల్లల్ని తెచ్చి కూర్చోబెడితే అది సహిత విద్య కాదని 2016లో ఆ ఒప్పందపు కమిటీ తేల్చి చెప్పింది.

వినికిడి యంత్రం పెట్టుకునే ఒక పాపను ముందు బెంచీలో కూర్చోబెట్టారు. అయినా పాఠం అందడం లేదు. ఓ పీరియడ్ వెనక కూర్చుని చూశాను. టీచర్ బోర్డు మీద రాస్తూనే మాట్లాడుతున్నారు. పాప చూడాల్సిన పెదవులు బోర్డు వైపున్నాయి. వెనక నుంచి ఎవరో జవాబు చెబితే, ఈమె తల తిప్పేలోపే అది అయిపోతోంది. యంత్రం పెట్టుకుంటే అంతా చక్కగా వినిపిస్తుందనుకుంటాం కానీ, అది టీచర్ గొంతుతో పాటు బెంచీ లాగిన చప్పుడునూ పెంచుతుంది. రెండే మార్పులు చెప్పాను: రాయడం అయ్యాక ఇటు తిరిగి మాట్లాడండి, పిల్లలు చెప్పిన జవాబును మీరు మళ్లీ చెప్పండి. పైసా ఖర్చు లేదు. అసలు చిక్కు అలవాటు మార్చుకోవడంలోనే ఉంది.

అపోహ: పరీక్షలో అదనపు సమయం ఇస్తే మిగతావాళ్లకు అన్యాయం.

వాస్తవం: ఆ పరీక్ష దేన్ని కొలుస్తోంది? చరిత్ర పేపర్‌లో చదివే వేగానికి మార్కులు లేవు కదా. డిస్లెక్సియా (తెలివికి లోటు లేకున్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది) ఉన్న పిల్లాడు ప్రశ్న చదవడానికే సగం టైమ్ పెడితే, మనం దిద్దేది అతనికి తెలిసిన చరిత్రను కాదు. అలాగని అన్ని సాయాలూ అన్ని పరీక్షలకూ నప్పవు. చదవడం వచ్చా రాదా అని చూసే పరీక్షలో ప్రశ్నపత్రం మనమే చదివి పెడితే ఇక చూసేదేముంది?

అపోహ: మాటలు సరిగా రాని పిల్లలకు సైగలు, బొమ్మల కార్డులు అలవాటైతే ఇక మాటలు రావు.

వాస్తవం: అలా జరుగుతుందని పరిశోధనల్లో ఆధారం లేదు. కొందరికి మాటలు పెరిగాయి కూడా. ఈ భయంతో ఏళ్లు పోగొట్టకండి.

అపోహ: ఆటిజం ఉన్న పిల్లలు మొండివాళ్లు.

వాస్తవం: ఇందులో నా తప్పూ ఉంది. కొత్తలో ఒక బాబును "పుస్తకం తీస్తావా?" అని అడిగాను. "ఆఁ" అన్నాడు, తీయలేదు. మళ్లీ అడిగితే మళ్లీ "ఆఁ". 'మాట వినడు' అని రిజిస్టర్‌లో రాసేశాను. వారం తర్వాత సీనియర్ మేడమ్ అతని పక్కన నిలబడి, "పుస్తకం తియ్యి. 12వ పేజీ" అన్నారు. తీశాడు. నా మాటను అతను ఉన్నదున్నట్టే తీసుకున్నాడు: నేను ప్రశ్న అడిగాను, అతను జవాబు చెప్పాడు, అంతే. రిజిస్టర్‌లో ఆ లైను కొట్టేశాను.