బ్యాండు వెంట కెమెరా: అరవై ఏళ్ల నాటి పేచీ

తిరుపతిలో రిసెప్షన్లకు, కాలేజీ ఫెస్టులకు వాయించే కుర్ర బ్యాండ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. వ్యాన్‌లో సామాను వేసుకుని చిత్తూరు, వేలూరు, బెంగళూరు తిరుగుతుంటారు. వెంట కెమెరా పట్టుకుని ఓ స్నేహితుడూ ఉంటాడు. కొన్నాళ్లకు 'డాక్యుమెంటరీ తీద్దాం' అనే మాట వస్తుంది. దాంతోపాటే పేచీ కూడా. రిహార్సల్లో ఇద్దరు మాటామాటా అనుకున్న రోజుంది కదా, అది ఉంచాలా, తీసేయాలా? చివరి మాట ఎవరిది?

ఈ పేచీకి మూలం 1960 ప్రాంతంలో ఉంది. భుజాన మోయగలిగే 16 ఎం.ఎం. కెమెరాలు, వాటితో కలిసి మాటను పట్టే టేప్ రికార్డర్లు అప్పుడే వచ్చాయి. 1965లో అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ ఇంగ్లండ్ టూర్‌కు వెళితే డాక్యుమెంటరీ దర్శకుడు డి.ఎ. పెన్నెబేకర్ కెమెరాతో వెంట తిరిగాడు. హోటల్ గదులు, కార్లు, విలేకరులతో వాదనలు అన్నీ తీశాడు. 1967లో ఆ సినిమా విడుదలయ్యాక, స్టేజీ దిగిన తర్వాతి జీవితం కూడా చూడదగ్గదేనని జనానికి తెలిసింది.

ఇంగ్లండ్ బ్యాండు బీటిల్స్ సంగతి మాత్రం కాస్త నిదానంగా చెప్పుకోవాలి. 1969 జనవరిలో వాళ్లు కొత్త పాటలు కడుతుంటే దర్శకుడు మైకేల్ లిండ్సే-హాగ్ బృందం దాదాపు 60 గంటల ఫిల్ము, 150 గంటల ఆడియో రికార్డు చేసింది. క్యాంటీన్‌లో పూలకుండీలో మైకు దాచి బ్యాండు సభ్యులు జాన్, పాల్ మాట్లాడుకున్నది కూడా పట్టారు. తమ మాటలు వినపడకూడదని బ్యాండువాళ్లు ఒక్కోసారి గిటార్లు మోగిస్తూ మాట్లాడుకునేవారు. ఆ ఫిల్ములోంచి 1970లో గంటన్నర లోపు సినిమా వచ్చింది. అప్పటికే బ్యాండు విడిపోయింది, దాంతో చూసినవాళ్లకు అందులో తగువులే కనిపించాయి. అదే ఫిల్ము నుంచి దర్శకుడు పీటర్ జాక్సన్ 2021లో దాదాపు ఎనిమిది గంటల సిరీస్ చేస్తే అందులో నవ్వులూ కనిపించాయి. పాల్ బాస్ గిటారు మీద ఏదో గీకుతుంటే, పక్కన మరో సభ్యుడు జార్జ్ ఆవులిస్తుంటే, మన కళ్లముందే కొన్ని నిమిషాల్లో ఒక పాట పుడుతుంది. రెండూ నిజమే. కత్తెర ఎవరి చేతిలో ఉంటే కథ వాళ్లది. ఈ రెండో దానికి నిర్మాతల్లో బ్యాండు సభ్యులు, వాళ్ల కుటుంబాలవాళ్లు ఉన్నారన్నదీ మర్చిపోకూడదు.

మన దేశంలో ఢిల్లీ బ్యాండు ఇండియన్ ఓషన్ మీద తీసిన డాక్యుమెంటరీ 2010లో థియేటర్లకు వచ్చింది. వాళ్ల గాయకుడు, తబలా వాయించే అషీమ్ చక్రవర్తి అంతకుముందే, 2009 డిసెంబరులో, చనిపోయారు. ఆ కెమెరా ముందే వెళ్లకపోయుంటే ఆ నలుగురూ కలిసి కూర్చున్న కబుర్లు మనకు దక్కేవి కావు.

తిరుపతి వాళ్లకు ఈ బాధ ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. అన్నమయ్య సంకీర్తనలు తిరుమల భాండాగారంలో రాగిరేకుల మీద శతాబ్దాలు భద్రంగా ఉన్నాయి. సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. పాడిన వరస మాత్రం లేదు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి విద్వాంసులు ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ స్వరపరచాల్సి వచ్చింది. పాట నిలిచినా, పాట కట్టిన తీరు నిలవకపోతే పోయేది ఎంతో అక్కడే తెలుస్తుంది.

అందుకే నా మాట ఇది: గొడవపడ్డ రోజును సినిమాలో పెట్టాలా వద్దా అన్నది బ్యాండు, తీసేవాళ్లు కలిసి ముందే కాగితం మీద రాసుకోవాలి. టెన్షన్ అంతా అక్కడే సగం తగ్గుతుంది. సినిమాలోంచి తీసేసినా ఫుటేజీని మాత్రం ఎవరూ చెరపకూడదు. బీటిల్స్ ఫిల్మును దాచి ఉంచారు కాబట్టే యాభై ఏళ్ల తర్వాత రెండో కథ చెప్పగలిగారు. మన కుర్రాళ్లేమో మెమరీ కార్డు నిండగానే పాతది చెరిపేసి, మర్నాటి ప్రోగ్రామ్‌కు అదే కార్డు వాడుతున్నారు. ముందు రెండు హార్డ్ డిస్కులు కొని, వేర్వేరు ఇళ్లలో పెట్టమని చెప్పండి.