18వ శతాబ్దపు జర్మన్ ఎచింగ్‌లు: అపోహలు - వాస్తవాలు

నేను ప్రింట్‌మేకింగ్ (పలక మీద బొమ్మ వేసి కాగితం మీద అచ్చు తీసే కళ) చేస్తాను, నేర్పిస్తాను. గుర్రపు బళ్లు, సత్రాలు, కుట్టుపని చేసుకునే ఆడవాళ్లు ఉన్న ఆ కాలపు జర్మన్ బొమ్మల గురించి అడిగినప్పుడల్లా నేను చిత్రకారుడు డానియల్ కొడోవియెట్స్కీ దగ్గరే మొదలుపెడతాను. 1726లో డాన్‌జిగ్‌లో (ఇప్పటి పోలండ్‌లోని గ్దాన్స్క్) పుట్టాడు. 1743లో బెర్లిన్ వెళ్లి, 1801లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. రెండు వేలకు పైగా ఎచింగ్‌లు (రాగి పలక మీద యాసిడ్‌తో గీతలు తేల్చి తీసే అచ్చు బొమ్మలు) చేశాడు.

అపోహ: ఆయన "బెర్లిన్ నుంచి డాన్‌జిగ్‌కు ప్రయాణం" ఒక ఎచింగ్ సిరీస్.

వాస్తవం: కాదు, అవి కాగితం మీద వేసిన డ్రాయింగులు. 1773లో తల్లిని చూడటానికి గుర్రం మీద వెళ్తూ దారి, బసలు, ఊళ్లో కలిసిన మనుషులు, ఇలా నూటికి పైగా బొమ్మలు గీశాడు. ఇంట్లో వాళ్ల కోసం వేసుకున్నవి కాబట్టి వాటిని రాగి పలక మీదికి ఎక్కించలేదు. 19వ శతాబ్దం చివర్లో అచ్చులో వచ్చినవి వాటి నకళ్లే. అలాంటి నకలును ఒరిజినల్ ఎచింగ్ అని అమ్మజూపితే ముందు భూతద్దం తీయండి. ఎచింగ్‌లో సిరా కాగితం మీద కాస్త ఉబ్బెత్తుగా నిలుస్తుంది, చుట్టూ పలక నొక్కిన గుర్తు పడుతుంది. ఆ గుర్తును దొంగతనంగా కూడా వేయొచ్చు, అందుకే దాన్నొక్కదాన్నే నమ్మను.

అపోహ: ఎచింగ్ అంటే రాగి మీద చెక్కడమే.

వాస్తవం: చెక్కేది ఎన్‌గ్రేవింగ్. ఎచింగ్‌లో రాగిని తినేది యాసిడ్. మైనం, రెసిన్ (చెట్టు జిగురులాంటిది), అస్ఫాల్టం (తారులాంటిది) కలిపిన పూత పలకకు పట్టించి, గీత కనబడేలా దాన్ని పొగతో నల్లగా చేస్తాం. సూదితో గీస్తే పూత మాత్రమే లేస్తుంది, లోహం బయటపడుతుంది. యాసిడ్‌లో ముంచితే అక్కడ గాడి పడుతుంది. దూరాన ఉన్న చెట్ల గీతలు సన్నగా ఉండాలంటే, పలక కాసేపటికే తీసి ఇక యాసిడ్ తగలకుండా వాటి మీద వార్నిష్ పూసి, ముందున్న బండి చక్రాల కోసం మళ్లీ ముంచాలి. ఆ కాలం నాటి చిన్న బొమ్మలో లోతు కనిపించడానికి కారణం చాలావరకు ఇదే. మన చిత్రకారుడు లక్ష్మా గౌడ్ ఎచింగ్‌లు దగ్గరగా చూసినవాళ్లకు ఈ గీత స్వభావం వెంటనే తెలుస్తుంది. చివరికి గాడుల్లో సిరా నింపి, పైభాగం తుడిచి, తడి కాగితం వేసి ప్రెస్‌లో తిప్పుతాం.

అపోహ: అవి ఆనాటి ఫొటోల్లాంటివి, చూసింది చూసినట్టే వేశారు.

వాస్తవం: మొదటి చిక్కు, ప్రింట్ తిరగబడుతుంది. కళాకారుడు పలక మీద తిప్పి గీయకపోతే కుడిచేతి వాటం మనిషి ఎడమచేత్తో రాస్తుంటాడు. రెండోది అంతకంటే పెద్దది: ఈ బొమ్మల్లో చాలావరకు జేబు క్యాలెండర్ల కోసం ప్రచురణకర్తలు చేయించుకున్నవి. గోట్టింగెన్ అనే జర్మన్ ఊళ్లో వచ్చే అలాంటి క్యాలెండర్‌కు కొడోవియెట్స్కీ సహజమైన ప్రవర్తననూ నటననూ పక్కపక్కన పెట్టి జంట బొమ్మలు వేస్తే, రచయిత, శాస్త్రవేత్త లిఖ్టెన్‌బెర్గ్ వ్యాఖ్యానం రాశాడు. ఒకదాంట్లో ఇద్దరు నిశ్శబ్దంగా శిల్పాన్ని చూస్తుంటారు, రెండోదాంట్లో ఇద్దరు చేతులూపుతూ తెగ మురిసిపోతుంటారు. దుస్తులు, కుర్చీలు, టోపీల విషయంలో ఈ బొమ్మలు మంచి సాక్ష్యమే. మనుషుల తీరు విషయంలో మాత్రం ఇది వ్యంగ్యం అని గుర్తుపెట్టుకోవాలి.

అపోహ: పాతదైతే లక్షల ధర పలుకుతుంది.

వాస్తవం: క్యాలెండర్ బొమ్మలు కుప్పలుగా అచ్చయ్యాయి. పలక అరిగాక తీసినవైతే బూడిదరంగులో, సన్నగీతలు పోయి ఉంటాయి. వయసు కన్నా పలక అరగకముందే తీసిన ప్రింటా కాదా అన్నదే ముఖ్యం.

అపోహ: అంచుల్లో చిన్న చిన్న గీతల బొమ్మలుంటే అది పాడైన ప్రింట్.

వాస్తవం: కొడోవియెట్స్కీ విషయంలో పూర్తిగా ఉల్టా. పలక అంచున సరదాగా గుర్రం తలో, చిన్న మనిషో గీసేవాడు. సేకరించేవాళ్లు వాటి కోసం వెంటపడటంతో తర్వాత కావాలనే వేయసాగాడు. కొన్ని ప్రింట్లు తీశాక వాటిని పలక మీంచి చెరిపేసేవాడు. కాబట్టి ఫ్రేమ్‌లో సరిపోలేదని అంచు కత్తిరించమని చెప్పే ముందు ఒకసారి ఆ అంచు చూసుకోండి.