పంక్తి భేదం లేని వడ్డన

చిరంజీవులు పెద్దోడికీ, చిన్నదానికీ,

రెండో అంతస్తు తాతయ్య దీవెనలు.

మొన్న సాయంత్రం లిఫ్ట్ దగ్గర చిన్నది అడిగిన ప్రశ్న ఇంకా నా చెవిలోనే ఉంది. "టీవీలోనే అన్నీ వస్తున్నాయి కదా తాతయ్యా, నాన్న మళ్ళీ ఇంకో డబ్బా కొంటానంటున్నాడు, ఎందుకు?" అని. నేను నోరు తెరిచేలోపు లిఫ్ట్ వచ్చేసింది. ట్యూషన్‌కి టైమైపోతోందని మీ అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోయింది. పిల్లలు అడిగిన దానికి జవాబు చెప్పకపోతే నాకు రాత్రి నిద్ర పట్టదు. శనివారం మీ నాన్న ఆ డబ్బా కొనడానికి రిచీ స్ట్రీట్‌కి వెళ్తున్నాడట. ఆలోగా మీకు అందాలని ఈ ఉత్తరం రాసి మీ తలుపు కింద నుంచి తోస్తున్నాను.

మీ హాల్లో 55 అంగుళాల కొత్త టీవీ ఉంది. ఐదు స్పీకర్లు, ఒక వూఫర్, వాటిని నడిపే రిసీవర్ ఉన్నాయి. ఇక మీ నాన్న కొంటానంటున్న డబ్బా పేరు ప్లేయర్, అంటే సినిమాని తెచ్చి టీవీకి అందించేది.

మీరు మొన్న ఆవడిలో పెళ్ళి భోజనానికి వెళ్ళారు కదా, అది గుర్తు తెచ్చుకోండి. వంట ఎక్కడో వెనకాల పెద్ద పొయ్యిల మీద అయింది. మీరు ముందర బంతిలో అరిటాకు ముందు కూర్చున్నారు. వంటకీ ఆకుకీ మధ్య బకెట్టూ గరిటే పట్టుకుని ఒక మనిషి నడుస్తున్నాడు. సినిమా అనే వంట ఎప్పుడో, ఎక్కడో అయిపోయింది. అది ఇంటర్నెట్‌లోనో, డిస్క్‌లోనో, మీ నాన్న హార్డ్ డిస్క్‌లోనో ఉంది. మీ టీవీ అరిటాకు. నడిచే ఆ మనిషే ప్లేయర్. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని పెద్దలు ఊరికే అనలేదు. వంట ఎంత బాగా కుదిరినా, ఆకు ఎంత పెద్దదైనా, మధ్యలో అతను సరిగ్గా లేకపోతే వేడి అన్నం చల్లారిపోతుంది, రసం ఒలికిపోతుంది, నెయ్యి ఒకరికే పడుతుంది.

స్మార్ట్ టీవీలోనే వడ్డించే మనిషి ఒకడుంటాడు, నిజమే. కానీ చాలా టీవీల్లో ఖర్చంతా ఆకు మీదే పెడతారు. లోపలి చిప్ చిన్నది. తెర పదేళ్ళు చక్కగా వెలుగుతుంది కానీ, లోపలి చిప్ నాలుగైదేళ్ళకే కొత్త యాప్‌ల బరువు మోయలేక ఆయాసపడుతుంది. కొన్నాళ్ళకి అప్‌డేట్లు కూడా ఆగిపోతాయి. అప్పుడు ఆకు మార్చాల్సిన పనిలేదు, మనిషిని మార్చుకుంటే చాలు. డబ్బా అందుకు.

అయితే మీ టీవీ కొత్తదే. అందులో ఉన్న మనిషి ఇప్పటికి బాగానే నడుస్తుండవచ్చు. కాబట్టి ముందు అతన్ని పరీక్షించండి. ఎలాగో చెప్పాలంటే మా ఊరి డేరా హాలు గురించి చెప్పాలి.

గూడూరు దగ్గర మా ఊళ్ళో చెరువు కట్ట కింద ఎండాకాలంలో టూరింగ్ టాకీసు డేరా వేసేవాళ్ళు. నేల, బెంచీ, కుర్చీ అని మూడు రకాల టికెట్లు. నేను నేల టికెట్టు వాణ్ణి. అక్కడి ఆపరేటర్‌ని అందరం మామా అనేవాళ్ళం. ఆయనకి మంచినీళ్ళ కూజా మోసుకెళ్ళి ఇచ్చినందుకు నన్ను క్యాబిన్‌లోకి రానిచ్చాడు. లోపల రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా మండుతుంటే కళ్ళు చెదిరే తెల్లటి వెలుగు, ఘాటైన వాసన, ఒళ్ళంతా చెమట. ఒకటే మిషను కాబట్టి రీలు అయిపోగానే బొమ్మ ఆగేది, లైట్లు వెలిగేవి, సోడాలవాడు జనంలోకి దిగేవాడు. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరిగెత్తుతుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు, నాలుగు కిలోమీటర్ల పైమాటే. మన వీధి నుంచి పానగల్ పార్కుకి పోయి వచ్చేంత దూరం బొమ్మలు, ఒకదాని వెంట ఒకటి!

ఒకరోజు ఆట లేని మధ్యాహ్నం మామ మిషను మూత తీసి, నూనెలో మునిగి ఉన్న చిన్న ఇనప నక్షత్రం చూపించాడు. దానికి నాలుగు గాడులు. పేరు మాల్టీస్ క్రాస్ అన్నాడు. పక్కన ఒక చక్రం, దానికి ఒక మేకులాంటి పిన్ను. చేత్తో తిప్పు అన్నాడు. చక్రం ఆగకుండా తిరుగుతోంది. పిన్ను వచ్చి గాడిలో పడినప్పుడు మాత్రం నక్షత్రం పావు వంతు గిర్రున తిరిగి, ఠక్కున ఆగిపోతోంది. మళ్ళీ పిన్ను వచ్చేదాకా కదలదు. "చూశావా, ఫిల్ము పరిగెత్తదురా, ఆగుతుంది. సెకనుకి 24 సార్లు ఆగుతుంది. ఆగినప్పుడే బొమ్మ" అన్నాడు. ఫిల్ము జరిగే ఆ క్షణంలో మిషనులో తిరిగే రెక్క ఒకటి వెలుగుకి అడ్డం వస్తుంది. అందుకే మనకి జరగడం కనపడదు. బొమ్మ ఆగి ఉండగా ఇంకోసారి కూడా రెక్క అడ్డం వస్తుంది, లేకపోతే కళ్ళకి మినుకుమినుకుమంటుందట. అంటే ప్రతి బొమ్మా రెండేసి సార్లు వెలుగుతుంది. 24 బొమ్మలు, 48 మెరుపులు. అందరికీ సమానంగా రెండేసి. ఆ నక్షత్రాన్ని నేను ఎన్నిసార్లు తిప్పానో లెక్కలేదు. కదిలే బొమ్మ లోపల ఆగే బొమ్మలు దాక్కున్నాయని తెలిసిన ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ నిన్నటిలాగే ఉంది.

ఇప్పుడు మీ టీవీకి వద్దాం. సినిమా ఇప్పటికీ సెకనుకి 24 బొమ్మలే. కానీ చాలా డబ్బాలు, టీవీలు సెకనుకి 60 సార్లు తెరని నింపుతాయి. పెద్దోడా, నువ్వు లెక్క చెయ్యి. 24 మంది బంతిలో కూర్చున్నారు. గారెలు 60 ఉన్నాయి. వడ్డించేవాడు ఏం చేస్తాడు? సమానంగా పంచితే ఒక్కొక్కరికి రెండున్నర. సగం గారె వేయడానికి లేదు. అందుకని మొదటివాడికి రెండు, పక్కవాడికి మూడు, తర్వాత వాడికి రెండు, ఆ పక్కవాడికి మూడు వేసుకుంటూ పోతాడు. పన్నెండు మందికి రెండేసి 24, పన్నెండు మందికి మూడేసి 36. లెక్క సరిపోయింది. కానీ ఇది పంక్తి భేదం! ఒకే బంతిలో కూర్చోబెట్టి ఒకరికి తక్కువ, ఒకరికి ఎక్కువ వడ్డించకూడదని మా అమ్మ చాలా గట్టిగా చెప్పేది. మన ఇళ్ళలో అది ఎంత పెద్ద తప్పో మీ అమ్మని అడగండి. ఇంట్లో మీ ఇద్దరికీ చెగోడీలు పెట్టేటప్పుడు మీ అమ్మ లెక్కపెట్టి పెట్టేది అందుకే.

ఈ పంక్తి భేదం కంటికి తెలుస్తుంది. ఒక బొమ్మ కాసేపు ఎక్కువ నిలబడి, తర్వాతది తొందరగా వెళ్ళిపోతుంటే, కెమెరా మెల్లగా పక్కకి తిరిగే చోట తెరంతా చిన్న చిన్న కుదుపులతో జరుగుతుంది. నున్నటి రోడ్డు మీద సైకిల్ టైరు ఒకచోట ఉబ్బి ఉంటే ఎలా ఉంటుందో అలాగ. మాటలాడే సీన్లలో తెలియదు. నదులు, కొండలు, వీధులు చూపించేటప్పుడు తెలుస్తుంది.

మందు ఉంది. మంచి ప్లేయర్ వచ్చిన సినిమా 24దా, 25దా, 60దా అని చూసుకుని, టీవీకి "నువ్వూ అలాగే ఆడు" అని చెబుతుంది. సెట్టింగుల్లో దీని పేరు మ్యాచ్ ఫ్రేమ్ రేట్ అనో, దానికి దగ్గరగా ఇంకేదో ఉంటుంది. ఆపిల్ టీవీలో ఉంది, ఫైర్ టీవీలో ఉంది, గూగుల్ టీవీ డబ్బాల్లోనూ ఉంటుంది. కాకపోతే డబ్బా ఒప్పుకుంటే చాలదు, యాప్ కూడా ఒప్పుకోవాలి. కొన్ని యాప్‌లు మాట వినవు. టీవీ తెర 120 సార్లు నిండేదై, సినిమా దానికి 24గానే అందితే ఒక్కో బొమ్మకి ఐదేసి వస్తాయి, అప్పుడూ పేచీ లేదు. నన్నడిగితే, కొట్లో మీ నాన్న మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. కొట్టువాళ్ళు ముందు ర్యామ్ ఎంత, మెమరీ ఎంత అని చెబుతారు. అవి బకెట్టు ఎంత పెద్దదో చెప్పే మాటలు. వడ్డన న్యాయంగా ఉందా లేదా అన్నది వేరే మాట.

రెండోది, ఉగ్రాణం తాళం. పెళ్ళిళ్ళలో నెయ్యీ జీడిపప్పూ ఒక గదిలో పెట్టి, నమ్మకమైన మనిషికే తాళం ఇస్తారు. సినిమా యాప్‌లు కూడా అంతే. గూగుల్ టీవీలాంటి డబ్బాల్లో వైడ్‌వైన్ అనే తాళం ఒకటుంది, అందులో ఎల్1 అనే పై మెట్టు ఉన్న డబ్బాకే మంచి బొమ్మ ఇస్తాయి. అది తెలియక నేను నష్టపోయాను. ఆరేళ్ళ కిందట ఒక కొట్లో, అట్టపెట్టె మీద 4కె అని పెద్ద అక్షరాలు చూసి చవక డబ్బా కొన్నాను. ఇంటికొచ్చి పెడితే ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టు ఉంది బొమ్మ. అది 4కె తెరకి పంపగలదు, నిజమే. కానీ తాళం లేదు కాబట్టి యాప్ దానికి ఎప్పుడూ హెచ్‌డీ కూడా ఇవ్వలేదు. 4కె అంటే తెర మీద 83 లక్షల చుక్కలు, పిల్లలూ. పాత ఫుల్ హెచ్‌డీకి నాలుగింతలు. అన్ని చుక్కలున్న ఆకు మీద నాకు వడ్డించింది నాలుగు మెతుకులు. ఆ డబ్బు పోయినందుకు కాదు, మీ మామ్మ ఎంతో ఆశగా కూర్చుని చూసి "ఇంతేనా" అన్నందుకు బాధపడ్డాను.

చప్పుడు సంగతి. వడ్డించేవాడు పప్పునీ రసాన్నీ దారిలోనే కలిపేసి తెస్తే మీరు ఊరుకుంటారా? సినిమాలో ఐదు స్పీకర్లకీ వూఫర్‌కీ వేరువేరుగా శబ్దాలు ఉంటాయి. మంచి ప్లేయర్ వాటిని కలపకుండా రిసీవర్‌కి అప్పగిస్తుంది. అప్పగించిందో లేదో తెలుసుకోవడం సులువు. డాల్బీ 5.1 (ఐదు స్పీకర్లు, ఒక వూఫర్) శబ్దం ఉన్న సినిమా పెట్టి రిసీవర్ ముందున్న చిన్న అక్షరాలు చూడండి. స్టీరియో అని ఉంటే ఎక్కడో రెండుగా కుదించేశారని అర్థం. డబ్బా తీగ రిసీవర్‌కి, రిసీవర్ తీగ టీవీకి వెళ్ళడం సరైన దారి. రిసీవర్ పాతదై 4కె దాటించలేకపోతే డబ్బాని టీవీకే పెట్టి, ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎమ్ఐ రంధ్రం నుంచి రిసీవర్‌కి చప్పుడు తెచ్చుకోవాలి.

మీ నాన్న దగ్గర హార్డ్ డిస్క్‌లో పెద్ద పెద్ద సినిమాలున్నాయి కదా, దానికోసం ఒక్క మాట. ఇంటర్నెట్‌లో 4కె సినిమా సెకనుకి 15 మెగాబిట్ల చొప్పున వస్తే చాలు, గంటకి ఇంచుమించు ఏడు జీబీ. అదే సినిమా 4కె డిస్క్‌లో అయితే 100 జీబీ దాకా పడుతుంది. అంత వంట మోయాలంటే అందరివల్లా కాదు. ఆ సినిమాలు తరచు చూసేటట్టయితేనే ఖరీదైన డబ్బా కొనాలి. యాప్‌లే చూస్తారంటే మామూలుది చాలు, మిగిలిన డబ్బుతో హాల్లో మందపాటి కర్టెన్లు వేయించమనండి. నేను నిజంగానే అంటున్నాను. మన మద్రాసు మధ్యాహ్నపు ఎండ ఆ కిటికీలోంచి నేరుగా తెర మీద పడుతోంది.

అన్నట్టు, ఏ డబ్బా అయినా షోకేసు తలుపు వేసి అందులో పెట్టకండి. మన ఊరి మే నెలలో దానికీ ఉక్కపోస్తుంది. వేడెక్కితే నెమ్మదిస్తుంది.

ఇక మీరు చేయాల్సిన పని. శుక్రవారం సాయంత్రం హోంవర్క్ అయ్యాక, టీవీలో ఉన్న యాప్‌తోనే ఏదైనా సినిమా పెట్టండి. చివర పేర్లు కింది నుంచి పైకి మెల్లగా జరిగే చోటుకి వెళ్ళండి. ఒకే ఒక్క పేరు మీద కళ్ళు పెట్టి, అది పైకి పోయేదాకా దానితోపాటే పొండి. నున్నగా పోతోందా, తడబడుతూ పోతోందా? చిన్నదాని కళ్ళు చురుకైనవి, అది చెప్పిందే ఖాయం చేసుకోండి. తర్వాత సెట్టింగుల్లో నేను చెప్పిన మ్యాచ్ ఫ్రేమ్ రేట్ ఉందేమో వెతికి, ఉంటే ఆన్ చేసి, మళ్ళీ అదే పేరు చూడండి. బాగుంటే డబ్బా ఇప్పట్లో అక్కర్లేదని మీ నాన్నకి మీరే చెప్పవచ్చు.

ఒక్క జాగ్రత్త. అది ఆన్ చేశాక సినిమా మొదలయ్యేటప్పుడు తెర ఒకటి రెండు సెకన్లు పూర్తిగా నల్లబడుతుంది. పాడైపోయిందని టెన్షన్ పడి రిమోట్ నొక్కేయకండి. టీవీ 60 నుంచి 24కి మారుతోంది, అంతే. మా మామ రీలు మార్చి లైట్లు ఆర్పాక, మళ్ళీ బొమ్మ పడేదాకా నేల మీద మేమంతా అలాంటి చీకట్లోనే ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం.

మీ,
తాతయ్య