ఆర్ కార్డును నమ్ముకున్న ఊళ్ళు

విశాఖ స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు కార్మికుల తొలగింపు గొడవతో పాటు, ప్లాంటు కోసం భూమి వదులుకున్నవాళ్ళ ఆర్ కార్డుల సంగతీ మళ్ళీ రోడ్డెక్కింది. 1966 ఉద్యమం, 32 మంది బలిదానం, 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన అందరికీ తెలిసినవే. నిర్వాసితుల ఇవాళ్టి కోపం అర్థం కావాలంటే మాత్రం 1986 దగ్గర ఆగాలి.

ప్లాంటు కోసం 64 గ్రామాల్లో 20 వేల ఎకరాలకు పైగా తీసుకున్నారు. భూమి పోయిన కుటుంబానికి పునరావాస కార్డు ఇచ్చారు. అదే ఆర్ కార్డు. దాని వెనకున్న మాట ఇంటికో ఉద్యోగం. పరిహారం చూసి కాదు, ఆ మాట విని భూమి వదిలామంటారు నిర్వాసితులు.

కార్డు చేతికొచ్చాక ఇళ్ళలో లెక్కలు మారిపోయాయి. మడిచెక్కో జీడితోటో ఉన్నన్నాళ్ళూ కొడుకు బతుకుతెరువు గురించి పెద్దగా ఆలోచించే పని లేదు. ఇప్పుడు పరిహారం డబ్బుతో ఇంకోచోట పొలం కొనాలా, పిల్లాణ్ణి ఐటీఐలో ఫిట్టరో వెల్డరో చేయాలా? చాలామంది రెండోదానికే మొగ్గారు. పెళ్ళి సంబంధాల్లోనూ కార్డు మాట వచ్చేది. పరిహారమంతా తగలేసి కూర్చున్నారని ఎగతాళి చేసేవాళ్ళు గాజువాకలో ఇప్పటికీ ఉన్నారు. సర్కారు మాటను నమ్మి కొడుకు చదువు మీద పెట్టడం తగలేయడం ఎలా అవుతుందో వాళ్ళే చెప్పాలి.

1986 ఫిబ్రవరిలో కేంద్రం ప్రభుత్వరంగ సంస్థలకు ఒక ఉత్తర్వు పంపింది. భూమి పోయిన ఇంటికి ఉద్యోగమిస్తామన్న ఒప్పందం, రాసుకున్నదైనా నోటిమాటైనా, ఇక చెల్లదన్నది దాని సారాంశం. ఖర్చు తగ్గించాలని ప్లాంటు ప్రణాళికను కుదించిందీ ఆ ఏడాదే. దాంతో కావలసిన మనుషుల సంఖ్యా తగ్గింది. ఇలాంటివి ఊళ్ళలో టముకు వేసి చెప్పరు.

నియామకాలు పూర్తిగా ఆగిపోయి ఉంటే జనం వేరే దారి చూసుకునేవారేమో. ఆగలేదు. పక్కింటి కుర్రాడికి కాల్ లెటర్ వస్తుంటే మనవాడి వంతూ వస్తుందనుకోవడం సహజం. 1992లో పి.వి. నరసింహారావు ప్లాంటును జాతికి అంకితం చేశాక కూడా అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ పునరావాస కాలనీల్లో అదే ఆశ. ఊరు దాటితే కార్డు మురిగిపోతుందన్న భయంతో చాలామంది అదే ప్లాంటులో కాంట్రాక్టు కూలీలుగా చేరారు. తాత పేరున ఉన్న కార్డు మనవడి దాకా వచ్చింది. సుమారు 16 వేల కుటుంబాల్లో సగానికి పైగా ఉద్యోగం దక్కలేదన్నది నిర్వాసితుల లెక్క.

అర్హత, ఖాళీలను బట్టే ఉద్యోగమన్నది యాజమాన్యం వాదన. నష్టాల్లో ఉన్న సంస్థ ఎంతమందిని భరిస్తుందన్న ప్రశ్నా ఉంది.

2021 జనవరి 27న కేంద్రం నూరు శాతం వాటాల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ప్లాంటే చేతులు మారితే కార్డుకు పూచీ ఎవరన్న భయం అప్పుడు పట్టుకుంది. 2025 జనవరిలో కేంద్రం ప్లాంటుకు ప్రకటించిన 11,440 కోట్ల ప్యాకేజీలో 10,300 కోట్లు మూలధనం, 1,140 కోట్లు అప్పును వాటాలుగా మార్చే సర్దుబాటు. కార్డుల ఊసు అందులో లేదు. స్వచ్ఛంద పదవీ విరమణతో ఖాళీ అవుతున్న చోట్లయినా తమవాళ్ళను తీసుకోమని కార్డుదారులు అడుగుతున్నారు. ఆ పథకం పెట్టిందే మనుషులను తగ్గించడానికి.