డోరు అంచున పొక్కు

మా బావ కారు డోరు కింది అంచున మినపగింజంత పొక్కు లేచింది. ఊరు సఖినేటిపల్లి పక్కనే. పంటు ఎక్కి గోదావరి దాటితే అవతల నరసాపురం, ఇటు తిన్నగా పోతే అంతర్వేది, సముద్రం. పొక్కు కనబడగానే షెడ్డులో గీకించి, పుట్టీ పెట్టించి, రంగు కొట్టించాడు. కొత్తదానిలా మెరిసింది. ఒక్క వర్షాకాలం గడిచేసరికి అదే చోట రూపాయి బిళ్లంత పొక్కు, దాని పక్కన ఇంకో రెండు.

ఈసారి వేరే మేస్త్రి దగ్గరికి వెళ్ళాం. ఆయన రంగు జోలికే పోలేదు. డోరు తెరిచి, కింది అంచుని వేలితో తడిమి, స్క్రూడ్రైవర్ మొనతో కాస్త నొక్కాడు. మొన లోపలికి దిగిపోయింది. "బయట్నుంచి వచ్చింది కాదండి ఇది, లోపల్నుంచి వచ్చింది" అన్నాడు. డోర్ ప్యాడ్ విప్పి చూపిస్తే అడుగున వేలెడు మందాన తడి మట్టి, అద్దం సందులోంచి జారిన కొబ్బరి పూత, ఎండుటాకుల పొడి. నీళ్ళు కారిపోవడానికి ఉన్న కన్నాలు మూడూ పూడుకుపోయి ఉన్నాయి.

ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు అని బళ్ళో చదువుకున్నాం. అది నిజమే. కానీ బావ కారుకి కన్నం అక్కడే ఎందుకు పడిందో ఆ ఒక్క మాటతో తెలియదు. తుప్పు పట్టడం నిజానికి కరెంటు పని. ఇనుప రేకు మీద ఒక ఉప్పునీటి బొట్టు ఉందనుకోండి. బొట్టు అంచున నీరు పలచగా ఉంటుంది కాబట్టి గాలిలోని ఆక్సిజన్ అక్కడ బాగా అందుతుంది. నడిమధ్యన అంతగా అందదు. ఈ తేడా చాలు, ఆ బొట్టు కింద ఒక బుల్లి బ్యాటరీ తయారవుతుంది. మధ్యలోని ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి నీటిలోకి కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు రేకులోంచే అంచు దాకా వెళ్ళి అక్కడ ఆక్సిజన్‌తో, నీటితో కలుస్తాయి. ఆ రెండు చోట్లకీ మధ్యలో ఎర్రటి వలయంలా తుప్పు పేరుకుంటుంది. కేంబ్రిడ్జిలో యు.ఆర్. ఎవాన్స్ అనే శాస్త్రవేత్త 1920లలో ఈ బొట్టు ప్రయోగాన్ని చేసి చూపించాడు.

అంటే తుప్పు కనబడే చోటు ఒకటి, ఇనుము కరిగిపోయే చోటు మరొకటి. కరిగేది గాలి అందని చోట. తడి మట్టి కప్పుకున్న రేకు, రెండు రేకులు అతుక్కున్న మడత, రబ్బరు బీడింగ్ కింది భాగం, పుట్టీ కింది గీత, ఇవన్నీ ఆ బొట్టు నడిమధ్య లాంటివే. చెదపురుగు వాసాన్ని లోపల తినేసి పైపొర ఉంచినట్టే, రంగు నున్నగా ఉండగానే రేకు పోతుంది.

పొక్కు లేవడానికి కారణం వేరే. ఇనుము తుప్పుగా మారినప్పుడు రెండు నుంచి ఆరు రెట్ల వరకు ఉబ్బుతుంది. తీరం దగ్గరి పాత డాబాల్లో స్లాబు పెచ్చులూడి ఊచలు బయటపడటం చూసే ఉంటారు. ఊచకి పట్టిన తుప్పు ఉబ్బి సిమెంటునే పగలగొడుతుంది. రంగు పొర ఎంత? కారు మీది పొరలన్నీ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, రెండు వెంట్రుకల మందం. పైగా అల్యూమినియం మీద ఏర్పడే పొరలా తుప్పు గట్టిగా అంటుకుని లోహాన్ని కాపాడదు. గుల్లగా ఉండి నీటిని పట్టి ఉంచుతుంది.

ఇక ఉప్పు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డెల్టాలో అసలు చిక్కంతా ఇదే. వర్షాకాలంలో వంటింట్లో కల్లుప్పు జాడీ చూడండి. ఎవరూ నీళ్ళు పోయకపోయినా ఉప్పు చెమ్మగిల్లి అడుగున నీరు ఊరుతుంది. మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, గాలిలో తేమ 75 శాతం దాటితే నీటిని లాక్కుని కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో దానితోపాటు మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికి 33 శాతం తేమ చాలు. ఉప్పు సోకని శుభ్రమైన ఉక్కు మీద తేమ 60 శాతం లోపు ఉన్నంతసేపు తుప్పు చాలా మందకొడిగా సాగుతుంది. అదే రేకు మీద సముద్రపు ఉప్పు పలచగా అంటితే, మనకి పొడిగా కనబడే మధ్యాహ్నం కూడా దానికి పొడి కాదు. ఆ జాడీ కారు అడుక్కి అంటుకుని తిరుగుతున్నట్టే. పైగా ఉప్పునీటిలో కరెంటు తేలిగ్గా పారుతుంది కాబట్టి ఆ బుల్లి బ్యాటరీలన్నీ జోరందుకుంటాయి. నీటిలో ఉప్పు 3 శాతం దగ్గర ఉన్నప్పుడు ఇనుము అన్నిటికంటే వేగంగా తుప్పు పడుతుంది. అంతకు మించితే నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గి ఆ వేగం కూడా తగ్గుతుంది. సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 3.5 శాతం.

కెరటం విరిగినప్పుడు బుడగలు పగిలి సన్నటి ఉప్పు తుంపర గాలిలో కలుస్తుంది. ఒడ్డు నుంచి దూరం పెరిగేకొద్దీ ఆ ఉప్పు బాగా తగ్గిపోతుంది. అందుకే సముద్రపు ఒడ్డునున్న ఓడలరేవులోని కారుకీ, బాగా లోపలికి ఉన్న రావులపాలెంలోని కారుకీ చాలా తేడా ఉంటుంది. కానీ సముద్రం దూరంగా ఉందని నిశ్చింతగా ఉండే మనవాళ్ళే ఉప్పుని డిక్కీలో పెట్టుకుని ఇంటికి తెస్తారు. రొయ్యల చెరువుకి బ్లీచింగ్ పౌడర్ బస్తా, కొబ్బరితోటకి పొటాష్ బస్తా, చుట్టాలింటికి ఐసులో పెట్టిన రొయ్యల డబ్బా. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్. బ్లీచింగ్ పౌడర్ క్లోరిన్ వాయువునే వదులుతుంది. డబ్బాలోంచి కారిన ఐసునీళ్ళు స్టెప్నీ కింద గుంటలో చేరి కార్పెట్ చాటున రోజుల తరబడి ఉంటాయి. అందుకే డిక్కీలో ఏం మోసినా, ఆ సాయంత్రమే కార్పెట్ ఎత్తి మంచినీళ్ళతో తుడిచి ఆరబెట్టమని మా వాళ్ళందరికీ చెబుతుంటాను.

ఇంకో సంగతి చాలామందికి వింతగా ఉంటుంది. వాన కారుకి శత్రువు కాదు. బానెట్, టాపు మీది ఉప్పుని వాన కడిగేస్తుంది. చక్రాల గూళ్ళ లోపల, ఫుట్‌బోర్డు కింద, బంపర్ వెనక వాన తగలదు. ఉప్పు అక్కడ చేరుతూనే ఉంటుంది, ధనుర్మాసపు మంచు దాన్ని రోజూ తడుపుతుంది. మనం కారు కడిగేటప్పుడు పైనంతా షాంపూతో రుద్ది కింద వదిలేస్తాం. పైపు ముందు కింద పెట్టాలి. ప్లాస్టిక్ కవరు కప్పి కొబ్బరి చెట్ల కింద ఉంచడం కూడా మేలు కాదు. లోపలి చెమ్మ పోయే దారుండదు. గాలి ఆడే రేకుల షెడ్డు దానికంటే ఎంతో నయం.

కంపెనీలు కూడా ఊరికే వదిలేయవు. ఇప్పటి కార్లలో చాలా రేకులకి జింక్ పూత ఉంటుంది. జింక్ ఇనుము కంటే తేలిగ్గా ఎలక్ట్రాన్లు వదులుతుంది కాబట్టి గీత పడ్డచోట ఇనుముకి బదులు తాను కరుగుతుంది. ఓడల అడుగు రాగి రేకుల్ని ఇదే సూత్రంతో కాపాడవచ్చని ఇంగ్లండ్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ 1824లో చూపించాడు. కానీ కారు రేకు మీది జింక్ పూత తరిగిపోయేదే.

పొక్కు వచ్చాక ఏం చేయాలి? మొదట, ఎంత లోతో తెలుసుకోవాలి. పైపైన గీత మీద పట్టిన తుప్పయితే తేలికే. ఎమరీ పేపర్‌తో తెల్లటి లోహం కనబడేదాకా గీకాలి. చుట్టూ బాగున్న రంగుని కూడా కాస్త గీకి అంచు ఏటవాలు చేయాలి. నల్లటి చుక్కలు మిగిలితే అవి సన్నటి గుంతల్లో దాక్కున్న తుప్పు. అక్కడికే రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పుని కరగని పదార్థంగా మార్చే ద్రవం, పనికొస్తుంది. కొన్నిటిలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, కొన్నిటిలో టానిన్. ఈ రెండోది మనకి కొత్త కాదు. పెడన కలంకారీలో తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, ఆ ద్రవాన్ని కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అద్దితే నల్లగా మారుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి కరగని నల్లటి పదార్థం అవుతుంది. కన్వర్టర్ రాస్తే ఎర్ర తుప్పు నల్లబడటం కూడా అదే. అయితే అది గట్టిగా అంటుకున్న పలచటి తుప్పు మీదే పనిచేస్తుంది. పొరలుగా ఊడే తుప్పు మీద ఎంత రాసినా కింది భాగానికి అందదు.

మన ప్రాంతంలో ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళతోనే వాటర్ పేపర్ రుద్ది, ఆరాక రంగు కొడతారు. ఆరిన నీటి తాలూకు ఉప్పు రంగు కింద చిక్కుకుంటుంది. రంగు పొరలోంచి నీటి ఆవిరి నెమ్మదిగా లోపలికి పోతుంది, ఉప్పు దాన్ని లాక్కుంటుంది, మళ్ళీ పొక్కులు. కాబట్టి ఆఖరి కడుగుడు మంచినీళ్ళతోనే కావాలి. తెల్లబడిన లోహాన్ని ఒక్క రాత్రి వదిలినా మన చెమ్మకి లేత తుప్పు పట్టేస్తుంది. అదే రోజు ఎపాక్సీ ప్రైమర్, అంటే రంగుకి ముందు రేకు మీద వేసే అడుగు పూత, పడాలి. పుట్టీ నీటిని పీల్చుకునే పదార్థం. దాన్ని ప్రైమర్ మీద పెట్టడమే నయం, వట్టి రేకు మీద కాదు.

కన్నం పడితే పుట్టీతో మూయకూడదు. తుప్పు పట్టిన భాగాన్ని మంచి రేకు వచ్చేదాకా కోసి, కొత్త ముక్క వెల్డింగ్ చేయాలి. జింక్ 907 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది కాబట్టి వెల్డింగ్ జరిగిన చోట చుట్టూ రక్షణ ఉండదు. ప్రైమర్ కొట్టి, లోపలివైపు మైనం స్ప్రే పట్టించకపోతే ఆ అతుకే మళ్ళీ మొదటగా పోతుంది. ఫుట్‌బోర్డు, జాకీ పెట్టే చోటు, సస్పెన్షన్ బిగించే చోటు తుప్పు తిన్నాయంటే అది అందానికి సంబంధించిన విషయం కాదు. గుద్దుకున్నప్పుడు మనుషుల్ని కాపాడేది ఆ ఉక్కే. అక్కడ పుట్టీ పెట్టి అమ్మడం నా దృష్టిలో నేరం. కారడుగున వాడేసిన ఇంజనాయిల్ పూసే అలవాటు కూడా మానుకోవాలి. అందులో ఆమ్లాలుంటాయి, రబ్బరు బుష్షులు ఉబ్బిపోతాయి, కారిన నూనె నేలలోకి, కాలవలోకి పోతుంది.

బావ డోరుకి కింది అంచు జానెడు కోసి కొత్త రేకు వేశారు. పని పూర్తయ్యాక మేస్త్రి కొబ్బరి చీపురులోంచి ఒక ఈనె లాగి బావ చేతికిచ్చాడు. ఇనప తీగ అయితే కన్నం అంచున రంగు గీసుకుపోతుందట, ఈనెతో ఆ బెడద లేదు. నెలకోసారి నాలుగు డోర్ల కన్నాల్లోనూ అది పెట్టి తిప్పుతున్నాడు బావ. మొన్న కార్తీకంలో ఎడమ వెనక డోరు నుంచి గ్లాసుడు బురదనీళ్ళు కారాయి.